నీటిపైన చూస్తే తెలియదు: ఆడేవాళ్లున్న క్లాన్‌ను నేను పట్టుకున్న పద్ధతి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఒంగోలులో ఇంజనీరింగ్ చదువుతున్నారు. క్లాష్ ఆఫ్ క్లాన్స్ అనే మొబైల్ ఆటలో టౌన్‌హాల్ 11కి, అంటే అందులో మీ ఊరి పదకొండో మెట్టుకు వచ్చారు. ఇంటర్ స్నేహితులతో పెట్టుకున్న క్లాన్‌లో, అంటే ఆటగాళ్ల జట్టులో, ఇప్పుడు ఎవరూ ఆడటం లేదు. రెండు నెలల్లో ఐదు క్లాన్లు మారినా ఎక్కడా పలికే మనిషి లేడు. నిజంగా ఆడేవాళ్లున్న క్లాన్‌ను ముందే గుర్తుపట్టడం ఎలా, స్నేహితుల క్లాన్‌ను పూర్తిగా వదిలేయడం తప్పా అని అడిగారు.

నేను 2015 నుంచి ఆడుతున్నాను. నెల్లూరు జిల్లా అల్లూరు వైపు రొయ్యల గుంటల దగ్గర రాత్రి పని నాది. మేత, నీటిలో గాలి కలిపే ఏరేటర్లు, మోటార్లు చూసుకోవాలి. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి నిద్రపోవడానికి వీల్లేదు. ఆ మెలకువే నన్ను ఈ ఆటలో ఇన్నేళ్లు ఉంచింది. మీరు పడుతున్న ఇబ్బంది నేను 2019లో పడ్డాను. మాది కావలిలో డిగ్రీ చదివిన మిత్రుల క్లాన్. ఉద్యోగాలు వచ్చాయి, పెళ్లిళ్లు అయ్యాయి, 2018లో పబ్‌జీ వచ్చాక మిగిలిన వారిలో సగం మంది అటు వెళ్లారు. చివరకు క్లాన్‌లో సభ్యులు అడిగి ఒకరికొకరు ఇచ్చుకునే సైన్యాన్ని నా మూడు అకౌంట్ల మధ్య నేనే ఇచ్చుకుంటూ కూర్చున్నాను. ఒక రాత్రి ఆ పని మీద నాకే నవ్వొచ్చి, కొత్త క్లాన్ వెతకడం మొదలుపెట్టాను.

మొదట చేసిన పొరపాటు చెబుతాను, ఎందుకంటే మీరు కూడా అదే చేసి ఉంటారు. స్థాయి 14, సభ్యులు 47 మంది ఉన్న క్లాన్ కనిపించింది. పెద్ద స్థాయి, నిండు సభ్యులు, ఇంకేం కావాలి అనుకొని చేరాను. అందరికీ నమస్కారం పెట్టాను. ఒక్కరూ పలకలేదు. తొమ్మిది రోజులు ఓపిక పట్టి, వెళ్తున్నానని రాశాక ఒకాయన వచ్చి "ఎవరు మీరు?" అని అడిగాడు. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

కారణం ఆటలోనే ఉంది. క్లాన్ స్థాయి పెరగడమే తప్ప తగ్గదు. 2016లో ఎవరో కష్టపడి గెలిచిన యుద్ధాల ఫలం ఈ రోజుకీ ఆ బోర్డు మీద మెరుస్తూనే ఉంటుంది. ఆట మానేసిన వారిని ఆట తనంతట తాను క్లాన్ నుంచి తీసేయదు. లీడరో, కో-లీడరో, ఎల్డరో బయటికి పంపాలి. వారే ఆడటం మానేస్తే పంపేది ఎవరు? 50 మందికి 47 మంది అలాగే గోడకు తగిలించిన ఫొటోల్లా ఉండిపోతారు. నన్నడిగితే, నిండుగా ఉన్న క్లాన్ కంటే 34 మందో 38 మందో ఉన్నదాన్నే ముందు చూడమంటాను. ఆ ఖాళీలు ఉన్నాయంటే నిద్రపోయేవారిని ఎవరో ఒకరు ఏరి పంపిస్తున్నారని కాస్త ఆశ పెట్టుకోవచ్చు.

రొయ్య అడుగున తిరిగే జీవి. గుంట గట్టు మీద నిలబడి నీటిని ఎంతసేపు చూసినా లోపల ఉన్నది బతికుందో, తింటోందో తెలియదు. అందుకే చెక్ ట్రే వేస్తాం. ట్రేలో కొంచెం మేత పెట్టి అడుగుకు దించి, రెండు గంటలకు పైకి లాగి చూస్తాం. మేత మిగిలిందా, రొయ్య పేగు నిండిందా అన్నదే లెక్క. క్లాన్‌కు కూడా ఇదే చేయాలని నాకు నాలుగో క్లాన్‌లో తోచింది. కొంచెం సైన్యం అడగండి, గడియారం చూసుకోండి. ఎంతసేపట్లో వచ్చిందో చూడండి. మిగతావన్నీ గట్టు మీద నుంచి చూడటమే.

గట్టు మీద నుంచి చూడటానికి విలువ లేదని కాదు. చెక్ ట్రే ఎక్కడ వేయాలో దానివల్ల తెలుస్తుంది. చేరకముందే ఏ క్లాన్‌నైనా తెరిచి సభ్యుల జాబితా చూడవచ్చు. ప్రతి పేరు పక్కన ఈ సీజన్‌లో ఎంత సైన్యం ఇచ్చారు, ఎంత తీసుకున్నారు అని ఉంటుంది. చాలామంది పైనున్న రెండు పేర్లు చూసి ఆగిపోతారు. మీరు పదో పేరు, ఇరవయ్యో పేరు చూడండి. పైన ఒకరు 4000 ఇచ్చి, కింద నలభై మంది దగ్గర సున్నాలుంటే అది ఒంటెద్దు బండి. ఆ ఎద్దు అలిసిన రోజు క్లాన్ ఆగిపోతుంది. ఇరవై మంది తలా రెండు మూడు వందలు ఇచ్చి ఉంటే అక్కడికి వెళ్లండి. ఇంకొక సంగతి. ఒక డ్రాగన్ ఇస్తే లెక్కలో 20 పడుతుంది. కాబట్టి ఒక్కరి దగ్గరే 200 అన్న అంకె చూసి మురిసిపోవద్దు, అది పది డ్రాగన్లే. ఒకే పేరు చివర 2, 3 అని ఉన్న అకౌంట్లు ఒకటి బాగా ఇచ్చి, ఇంకొకటి బాగా తీసుకుంటుంటే అక్కడ ఉన్నది ఒక్క మనిషే. ఎలా తెలుసంటారా? పైన చెప్పాను కదా, నేనూ ఆ పని చేసినవాడినే.

తర్వాత ఆ క్లాన్ ఇతర క్లాన్లతో చేసిన యుద్ధాల చిట్టా. కొన్ని క్లాన్లు దాన్ని దాచిపెడతాయి, దానికి వారి కారణాలు వారికి ఉండవచ్చు. తెరిచి ఉంటే మాత్రం గెలుపోటములు వదిలేసి మూడు విషయాలు చూడండి. చివరి యుద్ధం ఎప్పుడు జరిగింది? సన్నాహానికి ఒక రోజు, పోరుకు ఒక రోజు కాబట్టి ఆడేవారికి వారానికి ఒకటి రెండు యుద్ధాలు పెద్ద కష్టం కాదు. ఎంతమందితో జరిగింది? నలభై అయిదు మంది ఉన్న క్లాన్ ప్రతిసారీ అయిదుగురితోనే యుద్ధానికి వెళ్తుంటే, అక్కడ ఆడేది ఆ అయిదుగురే అని వారే చెబుతున్నట్టు. దాడుల్లో ఎన్ని నక్షత్రాలు వచ్చాయి? పదిహేను మందితో చేసే యుద్ధంలో గరిష్ఠంగా 45 నక్షత్రాలు. 14, 17 అని కనిపిస్తే ఎదుటివారు బలవంతులని అనుకోకండి. పేరు పెట్టారు గానీ దాడి చేయలేదు. 38 నక్షత్రాలతో ఓడిపోయిన క్లాన్ నాకు 15 నక్షత్రాలతో గెలిచినదాని కంటే ఎంతో మేలు. గెలిచినవారికి తమకంటే బద్ధకస్తులు ఎదురయ్యారంతే.

చిట్టాలో నెలకోసారి జరిగే క్లాన్ల లీగ్ ఫలితాలు తప్ప మామూలు యుద్ధాలు లేకపోతే అక్కడివారు లీగ్‌లో ఇచ్చే మెడల్స్ కోసం వచ్చిపోయేవారని అర్థం. అది తప్పు కాదు. కానీ మీకు కావలసింది మాటామంతీ కదా.

క్లాన్ గురించి పైన రాసుకునే రెండు మూడు వాక్యాలు కూడా చదవండి. నేను ఒక ఆగస్టులో చూసిన క్లాన్‌లో "అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు" అని ఉంది. ఏ సంక్రాంతో! చేరగానే ఎల్డర్ పదవి ఇస్తామని రాసుకున్నవారి దగ్గరికి నేను వెళ్లను. ఇరవై మంది కో-లీడర్లున్న చోటికీ వెళ్లను. ఇంట్లో పెళ్లికి అందరూ పెద్దలే అయితే వడ్డించేది ఎవరు?

ఈ చూడటానికి ఒక వేళ ఉంది, ఇది ఎవరూ చెప్పరు. సైన్యం ఇచ్చిపుచ్చుకున్న లెక్కలు కొత్త సీజన్ మొదలైనప్పుడు సున్నాకు వస్తాయి. సీజన్ మొదట్లో చూస్తే బతికున్న క్లాన్ కూడా శవంలా కనిపిస్తుంది. పైగా క్లాన్ వార్ లీగ్ నెల మొదట్లోనే మొదలవుతుంది. పేర్ల నమోదు అయ్యాక మధ్యలో చేరినవారికి అందులో చోటు ఉండదు. ఎనిమిది క్లాన్ల లీగ్ ఏడు పోరు రోజులు నడుస్తుంది. అందుకని నేను 12వ తేదీ దాటాకే వెతుకుతాను. అప్పటికి లెక్కలు నిండుతాయి, లీగ్ అయిపోతుంది. 20లోపు చేరితే ఇంకొక లాభం కూడా ఉంది. 22 నుంచి 28 వరకు క్లాన్ అంతా కలిసి పాయింట్లు పోగుచేసే క్లాన్ గేమ్స్ జరుగుతాయి. మామూలుగా ఒక్కొక్కరు 4000 పాయింట్లే తేగలరు. క్లాన్ మొత్తం లక్ష్యమైన 50,000కు చేరాలంటే కనీసం పదమూడు మంది పూర్తిగా ఆడాలి. ఎవరు ఎన్ని తెచ్చారో లోపల ఉన్నవారికి కనిపిస్తుంది. వారం తిరిగేసరికి ఆ ఇంట్లో ఎవరెవరు మేలుకొని ఉన్నారో లెక్క మీ చేతిలో ఉంటుంది.

వెతుకులాట సంగతి త్వరగా చెప్పేస్తాను. ఆటలో ప్రాంతం వడపోత దేశం వరకే, జిల్లా వరకు రాదు. నెల్లూరు, ఒంగోలు, కావలి, కందుకూరు అని ఇంగ్లీషు అక్షరాల్లో రకరకాల స్పెల్లింగులతో పేరు కొట్టి చూడండి. ఒకే పేరుతో ఎన్ని క్లాన్లయినా ఉండవచ్చు కాబట్టి నచ్చినదాని ట్యాగ్, అంటే దానికొక్కదానికే ఉండే గుర్తు, రాసిపెట్టుకోండి. యుద్ధాలు ఎంత తరచుగా అన్న వడపోత ఉంది గానీ అది లీడర్ ఏనాడో ఎంచుకున్న మాట, ఇప్పటి నిజం కాకపోవచ్చు. ఎవరైనా క్లాన్‌లో చేర్చుకుంటామని చెప్పి మీ మెయిల్‌కు వచ్చిన కోడ్ అడిగితే మాత్రం అక్కడితో మాట ఆపేయండి. సైన్యం ఇవ్వడానికి ఆ కోడ్‌తో ఎవరికీ పని లేదు.

ఇక చెక్ ట్రే. చేరిన రోజే వేయండి, కానీ మీరు రోజూ ఆడే వేళకే వేయండి. ఈ ఒక్క మాట నాకు ఆలస్యంగా తెలిసింది. నా నాలుగో క్లాన్ నిజానికి మంచిదే. సాయంత్రం ఆరు నుంచి పది వరకు సందడే సందడి. నేను గుంటల దగ్గర ఒంటి గంటకు సైన్యం అడిగితే పొద్దున ఏడుకు వచ్చేది, నేను ఇంటికి వెళ్లి పడుకున్నాక. వారు చచ్చిన క్లాన్ కాదు, నా వేళకు నిద్రపోయే క్లాన్. అయిదోది దొరికింది. అందులో కువైట్‌లో పనిచేసే మన జిల్లావాళ్లు పదిమందికి పైగా ఉన్నారు. ఇక్కడ రాత్రి ఒంటి గంట అయితే అక్కడ పదిన్నర, పని ముగించుకొని భోజనం చేసి ఫోను పట్టుకునే వేళ. మొదటి రాత్రి అడిగాను, ఆరు నిమిషాల్లో వారిచ్చిన సైన్యంతో నా కోట నిండింది. వెనకాలే "అన్నా, ఏ ఊరు?" అని ప్రశ్న. ఏడేళ్లుగా అక్కడే ఉన్నాను. మీరు కాలేజీ నుంచి వచ్చాక ఆడతారా, హాస్టల్‌లో దీపాలు ఆర్పాక ఆడతారా చూసుకోండి. నాలుగు రోజులు అదే వేళకు అడగండి. రెండుసార్లయినా అరగంటలోపు రాకపోతే మరో గుంట చూసుకోండి. మొహమాటం వద్దు.

మీరు రాసిన దానిలో ఒక వాక్యం నాకు కొంచెం గుచ్చుకుంది. ఐదు క్లాన్లలో ఎవరూ సైన్యం ఇవ్వలేదన్నారు, మీరు ఎంత ఇచ్చారో చెప్పలేదు. మొహర్రం రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగకు ఎప్పుడైనా వెళ్లారా? కోరిక ఉన్నవారు రొట్టె తీసుకుంటారు. అది తీరాక మరో ఏడాది వచ్చి, అదే కోరికతో నిలబడ్డ ఇంకొకరికి రొట్టె ఇస్తారు. ఇచ్చేవారు ఉన్నందుకే ఏటా ఆ చెరువు గట్టు నిండుతోంది. కొత్త క్లాన్‌లో అడుగుపెట్టగానే పైన వేలాడుతున్న రెండు అభ్యర్థనలు మీరే నింపి, ఆ తర్వాత మీది అడగండి. సగం నిద్రలో ఉన్న క్లాన్లు కూడా దానికి కళ్లు తెరుస్తాయి. రెండుసార్లు స్వయంగా చూశాను. మూడోసారి తెరవలేదు, అది వేరే సంగతి.

సొంతంగా కొత్త క్లాన్ పెట్టాలన్న ఆలోచన ఉంటే ఇప్పుడే వద్దు. పెట్టడం ఒక్క నిమిషం పని. కనీసం ఎనిమిది మంది రోజూ వచ్చేవారు చేతిలో ఉంటే తప్ప ఆరు నెలల్లో మీరూ ఇదే ప్రశ్న మళ్లీ అడుగుతారు.

స్నేహితుల క్లాన్ వదిలేయడం తప్పా అన్నారు. మీ అసలు అకౌంట్‌తో బయటికి వచ్చేయండి, వారికి కోపం రాదు, వచ్చేటంతగా వారు చూడటం లేదు. నేనైతే రెండో అకౌంట్‌ను ఆ కావలి క్లాన్‌లోనే ఉంచాను. వారానికోసారి తెరిచి చూస్తాను. మూడేళ్ల కిందట సంక్రాంతికి, భోగి రాత్రి, బెంగళూరు నుంచి ఊరికి వచ్చిన మావాడొకడు పాత ఫోను తెరిచినట్టున్నాడు. "ఆర్చర్లు కావాలి" అని అడిగి ఉంది, రెండు నిమిషాల కిందటే. ఇచ్చాను. కాసేపటికి "నువ్వింకా ఇక్కడే ఉన్నావా?" అని రాశాడు. పక్క గుంటలో ఏరేటర్లు తిరుగుతున్నాయి, తెల్లవారడానికి ఇంకా మూడు గంటలుంది. ఇద్దరం అయిదుగురి యుద్ధం ఒకటి పెడదామని మిగతా ముగ్గురికీ ఫోన్లు చేశాం. ఇద్దరు ఎత్తారు.