విలన్ ఎవరో ముందే తెలిసిపోతే..?

ప్రశ్న: పాత థ్రిల్లర్లు వరసగా చూద్దామని ‘అన్వేషణ’ పెట్టగానే మా తమ్ముడు హంతకుడెవరో చెప్పేశాడు. ఇక చూడటం దండగేనా?
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: తమ్ముణ్ణి నాలుగు తిట్టి, సినిమా మాత్రం చూసేయండి. నేనేమీ విమర్శకుణ్ణి కాదు, భోంచేశాక ఏదో ఒకటి పెట్టుకుని చూసే రకం, అయినా 1985లో వంశీ తీసిన ఈ సినిమాని అన్నీ తెలిసే మళ్ళీ మళ్ళీ చూస్తుంటాను, ఎందుకంటే ఇందులో భయమంతా అడవిలో ఉంది. భానుప్రియ పక్షుల కూతల వెంట పడి తిరుగుతుంటుంది, జరిగే చావులన్నీ పులి ఖాతాలో పడుతుంటాయి, ఆకు కదిలితే మనకి గుండె గుభేలు. మిగతా పని ఇళయరాజా చూసుకున్నారు. మీకింకో లాభం కూడా ఉంది: ఆ హంతకుడు మామూలుగా కబుర్లు చెప్పే సీన్లలో అతని మొహం మీదే కన్నేసి ఉంచండి, కొత్తగా చూసేవాళ్ళకి ఆ మజా దొరకదు. విలన్ పేరొక్కటే దాచుకుని రెండున్నర గంటలు లాగే సినిమాలంటారా, వాటి గుట్టు మీ తమ్ముడు చెప్పేస్తే మీకు టైం కలిసొచ్చినట్టే.

ప్రశ్న: థ్రిల్లర్లో పాటలెందుకండీ? ఉన్న టెన్షన్ కాస్తా పోతుంది.
– నరసన్నపేట పాఠకుడు

జవాబు: చాలావాటికి నేనూ రిమోట్ వెతుక్కుంటాను. కానీ ‘క్షణ క్షణం’లో (1991) జోలపాట ఉంది చూశారా, చీకటి అడవిలో శ్రీదేవికి భయంతో నిద్ర పట్టకపోతే వెంకటేష్ పాడతాడు, ఆ పాట తీసేస్తే వాళ్ళిద్దరి మధ్య చనువు ఎక్కడ మొదలైందో మనకి తెలీదు. అలాంటివి ఉంచాలి. తరుముతున్న రౌడీల్ని మధ్యలో వదిలేసి పూలతోటకి పోయేవి మాత్రం తీసేయొచ్చు, ఎవరూ ఏడవరు.

ప్రశ్న: పాత ఫైట్లు చూసి మా పిల్లలు పగలబడి నవ్వుతున్నారు.
– పాలకొండ

జవాబు: నవ్వనివ్వండి. గుద్దు ఇక్కడ, డిష్యుం అక్కడ, మనకీ నవ్వొస్తుంది కదా! అయితే 1971 నాటి ‘మోసగాళ్ళకు మోసగాడు’ పెట్టి చూడండి, రాజస్థాన్ ఎడారిలో కృష్ణ గుర్రమెక్కి పోతుంటే ఆ దుమ్ము నిజం దుమ్ము. ఆ తర్వాత ‘శివ’ (1989). నాగార్జున సైకిల్ చైన్ లాగిన సీన్ చూసి మా విజయనగరంలో ఒక సైకిల్ షాపాయన, పిన్ను కొట్టకుండా చైన్ చేతికి ఎలా వస్తుందిరా అని పెద్ద పేచీ పెట్టాడు. పాయింటే! కానీ హాల్లో ఎవడికీ ఆ అనుమానం రాలేదు, ప్రతి ఇంట్లో ఉండే సైకిలే ఆయుధమైతే లాజిక్ ఎవడు అడుగుతాడు?

ప్రశ్న: రాత్రిపూట ఒంటరిగా చూడటానికి ఒకటి చెప్పండి.
– ఒక విద్యార్థి, చీపురుపల్లి

జవాబు: రేవతి నటించిన ‘రాత్రి’, 1992. ఇంట్లో పిల్లి ఉంటే పగలే చూసేయండి.