నీ ఫైల్లో పిల్లలు ఎక్కడమ్మా?

అమ్మడూ,

నీ మెయిల్ సోమవారమే చూశాను గానీ టీచర్ ఉద్యోగం కోసం నువ్వు తయారు చేసుకున్న ఆ ముప్ఫై రెండు పేజీల పోర్ట్‌ఫోలియో పీడీఎఫ్ అంతా చదవకుండా ఏదో ఒక మాట రాసి పంపడం ఇష్టం లేక ఇన్ని రోజులు ఆగాను, ఏమీ అనుకోకు. రెండుసార్లు చదివాను, ఒకసారి టీచర్‌గా, ఇంకోసారి కథలు రాసేదానిగా. "నేను రైటర్ని కాదు టీచరమ్మా, మీరు ఇన్నేళ్ల నుంచి పిల్లల కథలు రాస్తున్నారు కదా, కాస్త లాంగ్వేజ్ సరిచేసి పెట్టండి, వచ్చే నెల హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ" అన్నావు. లాంగ్వేజ్‌లో సరిచేయాల్సింది పెద్దగా ఏం లేదమ్మా. నీ ఫైల్లో పిల్లలు లేరు, అదీ ఇబ్బంది.

పేజీలు లెక్కపెట్టాను. సర్టిఫికెట్లే పదకొండు పేజీలు, వాటిల్లో గంటన్నర వెబినార్లకి ఇచ్చినవి కూడా ఉన్నాయి. తర్వాత క్రాఫ్ట్ ఫొటోలు. దూదితో చేసిన కుందేళ్లు ఇరవై, ఇరవైకీ చెవులు ఒకే కొలత, కళ్లు ఒకే చోట. మూడేళ్ల పిల్లలు ఇరవై మంది ఒకేలాంటి కుందేలు చేయరు తల్లీ, అవి నువ్వు రాత్రి కూర్చుని కత్తిరించినవని పదేళ్లు పిల్లల మధ్య తిరిగిన ఏ ప్రిన్సిపాల్‌కైనా ఒక్క చూపులో తెలిసిపోతుంది. నిన్ను తప్పు పట్టట్లేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక స్కూల్లో ఇన్‌స్పెక్షన్ ముందు రోజు మమ్మల్నందర్నీ రాత్రి తొమ్మిదింటిదాకా కూర్చోబెట్టి పిల్లల పేర్లతో మాచేత బొమ్మలు వేయించారు, మర్నాడు పొద్దున్నే ఒక పిల్లాడు వచ్చి గోడ మీద తన పేరున్న నెమలిని కాసేపు చూసి "ఇది నాది కాదు" అన్నాడు. నాకు వాడి మొహం చూడబుద్ధి కాలేదు. ఆ తర్వాత ఎవరు అడిగినా ఆ పని చేయలేదు. నువ్వు కూడా ఆ కుందేళ్లు తీసేసి, చెవి ఊడిపోయిందో, ఒకే కన్ను ఉందో, పిల్లలు నిజంగా చేసినవి రెండు పెట్టు, కింద ఆ పిల్లాడు అది చేస్తూ ఏమన్నాడో వాడి మాటల్లోనే రాయి.

ఫైల్ తెరిచేవాళ్లు వెతికేది ఏంటో చెప్తా విను. ఈ అమ్మాయి పిల్లల్ని చూడగలదా, చూసింది చూసినట్టు రాయగలదా, రాసిందాన్ని బట్టి మర్నాడు క్లాసులో ఏమైనా మార్చగలదా. అంతే. మార్కులు, డిప్లొమా, ఏడాది అనుభవం అన్నీ రెజ్యూమెలో ఎలాగూ ఉంటాయి.

నీ పద్నాలుగో పేజీలో ఒక బాబు గురించి "చాలా యాక్టివ్, తెలివైనవాడు, అందరితో కలిసిపోతాడు" అని రాశావు. నేను రేపు మీ తెనాలి ప్లే స్కూలుకి వస్తే ఈ మూడు మాటలు పట్టుకుని ఆ బాబుని పోల్చుకోగలనా? లేను. కథలో అయినా ఇంతే, "ఆమె చాలా మంచిది" అని రాస్తే ఎవరికీ ఏమీ కనపడదు, ఆమె ఏం చేసిందో రాస్తే మంచిదో కాదో చదివేవాళ్లే తేల్చుకుంటారు.

నా పాత డైరీలోంచి ఒకటి ఉన్నదున్నట్టు ఎక్కించి పెడుతున్నా. మూడున్నరేళ్ల పాప, జూన్లో చేరింది, ఆగస్టు దాకా క్లాసులో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అప్పటిదాకా నా నోట్సులో వారం వారం ఏం రాశానంటే "మౌనంగా ఉంటోంది, పాల్గొనడం లేదు". ఆరు వారాలు అదే వాక్యం. తర్వాత ఒక రోజు ఇలా రాశాను:

"పొద్దున పదీ ఇరవై. గుమ్మం దగ్గర కూర్చుంది. ముందు చింతపిక్కల గిన్నె. ఒక్కోటి తీసి గడప మీద వరసగా పేరుస్తోంది. పదకొండు పెట్టింది. పన్నెండోది జారి మెట్టు కిందకి పోయింది, వంగి చూసింది, తియ్యలేదు. పక్క పిల్లాడు వచ్చి చివర్నుంచి రెండు పిక్కలు తీసుకుని గుప్పిట మూశాడు. పాప ఏడవలేదు. వాడి గుప్పిట వైపు చూసి 'రెండు' అంది."

మా క్లాసులో ఆ పాప అన్న మొదటి మాట అది. నేను అక్కడే ఉండి కళ్లతో చూశాను కాబట్టి దొరికింది, అదే టైంలో ఫొటో కోసం ఫోన్ వెతుక్కుంటూ ఉంటే పోయేది. కింద గీత గీసి ఇంకో రెండు ముక్కలు రాశాను, "మాటలు ఉన్నాయి, లెక్క ఉంది, గుంపులో ఉంటే బయటికి రావట్లేదు. రేపు ఇద్దరికే ఒక గిన్నె పెట్టి చూడాలి". మర్నాడు పెట్టాను. వారం రోజుల్లో ఆ ఇద్దరూ పిక్కల కోసం దెబ్బలాడుకునేదాకా వచ్చారు, నాకెంత సంతోషమేసిందో.

చూడు, ఇందులో మూడు పొరలున్నాయి, ఏం చూశాను, నాకేం అనిపించింది, రేపేం చేస్తాను. ఈ మూడూ కలిపేయకు. చూసిన దాంట్లోకి అనిపించింది జారిపోతే ఆ నోట్సు ఇంక ఎందుకూ పనికిరాదు. "కోపంగా తోసేశాడు" అని రాయకు, "రెండు చేతులతో తోసేశాడు, ఆ అబ్బాయి వెనక్కి కూర్చుండిపోయాడు" అని రాయి, కోపమా ఆటా అన్నది గీత కింద రాసుకో.

ఇది నా సొంత తెలివేం కాదమ్మా. 1907 జనవరిలో రోమ్‌లో శాన్ లోరెంజో అనే పేదవాళ్ల పేటలో మరియా మాంటిస్సోరి బాలల ఇల్లు అనే తన మొదటి బడి తెరిచింది, అక్కడ మూడేళ్ల పాప ఒకతి సిలిండర్ బ్లాక్ (గుంటల్లో సరిపోయే కొయ్య ముక్కలున్న దిమ్మ) ముందేసుకుని తీస్తూ పెడుతూ ఉంటే ఆవిడ చుట్టూ ఉన్న పిల్లల్ని పాటలు పాడమంది, పాపని కుర్చీతో సహా ఎత్తి బల్ల మీద పెట్టింది, అయినా పాప తలెత్తలేదు, ఆవిడ లెక్కపెడుతూనే ఉంది, నలభై సార్లకు పైనే చేసిందట. "ఏకాగ్రత బాగుంది" అని రాసి ఊరుకుంటే మనకేం తెలిసేది? ఆవిడ డాక్టర్, ముందు చూసి లెక్క రాసుకోవడం అలవాటు. ఆ మనిషే 1939లో మద్రాసు వచ్చి అడయారులో మన దేశపు టీచర్లకి ట్రైనింగ్ ఇచ్చింది. అంతకు ముందే 1920లో భావ్‌నగర్‌లో గిజుభాయి బధేకా బాలమందిర్ అని చిన్నపిల్లల బడి పెట్టాడు, వకీలు పని చేసుకునే మనిషి, పిల్లల్లో పడి ఆ పని వదిలేశాడు, ఆయన్ని గుజరాత్ వాళ్లు మీసాల తల్లి అని పిలుచుకుంటారు. వీళ్ల పేర్లు నీ ఫైల్లో రెండో పేజీలో ఫొటోలతో సహా పెట్టావు గానీ వాళ్లు చేసిన పని మాత్రం నువ్వు చేయలేదు.

అంత దూరం కూడా వద్దు. మీ అమ్మగారు ఇరవై ఏళ్లకు పైగా అంగన్‌వాడీ టీచర్ అని మెయిల్ చివర్లో ఒక్క ముక్క రాశావు, నాకు ఆ ముక్కే బాగా నచ్చింది. 1975 అక్టోబర్ 2న దేశంలో 33 చోట్ల మొదలైన పని అది, ఇప్పుడు ఊరూరా ఉంది. మీ అమ్మ దగ్గర పాత రిజిస్టర్లు ఉంటే ఒకటి తెరిచి చూడు. "బాబు బక్కగా ఉన్నాడు" అని ఉండదు అందులో. పోయిన నెల 10.6 కిలోలు, ఈ నెల 10.2, అలా ఉంటుంది, అది చూసి ఏమైందమ్మా అని వాళ్లింటికెళ్లి అడిగితే విరేచనాలు పట్టుకున్నాయనో, తల్లి పనికెళ్తోందనో తెలుస్తుంది. ఇప్పుడు పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎక్కిస్తున్నారు గానీ పద్ధతి అదే, తేదీ, కొలత, తేడా, తర్వాత ఏం చేశాం. నీకు రాయడం నేర్పే మనిషి మీ వంటింట్లోనే ఉంది, నువ్వేమో యాభై డాలర్ల టెంప్లేట్ కొనాలా అని నన్ను అడుగుతున్నావు. కొనకు.

ఇంక ఇంటర్వ్యూలో తప్పకుండా అడిగేది ఎన్‌సీఎఫ్ గురించి, అదే, జాతీయ పాఠ్యప్రణాళిక ఫ్రేమ్‌వర్క్. 2020 విద్యావిధానంలో మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఫౌండేషనల్ స్టేజ్ అన్నారు కదా, దానికి 2022 అక్టోబర్లో ఫ్రేమ్‌వర్క్ వచ్చింది. నువ్వు పంచకోశ వికాసం (శరీరం, ప్రాణం, మనసు, బుద్ధి, ఆనందం అనే ఐదు పొరల ఎదుగుదల) గురించి ఒక పేజీ నెట్‌లోంచి ఎత్తి పెట్టావు, అది తీసెయ్. ఆ ఫ్రేమ్‌వర్క్‌లో 13 కరిక్యులర్ గోల్స్, అంటే పిల్లలు చేరాల్సిన లక్ష్యాలు, ఉన్నాయి, వాటిని వరసగా ఒప్పజెప్తే ఎవరూ మెచ్చుకోరు, నీ అబ్జర్వేషన్ కింద చిన్న అక్షరాలతో ఇది ఏ గోల్‌కి దగ్గరో రాస్తే మెచ్చుకుంటారు. చింతపిక్కల పాపనే తీసుకో, పరిమాణాలూ లెక్కా ఒకటి, రోజువారీ మాట ఒకటి, ఏడవకుండా తట్టుకోవడం ఒకటి, ఒక్క ఐదు నిమిషాల ఆటలో మూడు గోల్స్ దొరికాయి. ఈ వయసు పిల్లలకి పరీక్షలూ టెస్టులూ బొత్తిగా తగవు, చూసి రాసుకోవడం, వాళ్లు చేసినవి దాచి పరిశీలించడం, ఇవే సరైన పద్ధతులని ఆ ఫ్రేమ్‌వర్కే చెప్తోంది. అంటే నువ్వు రాసే ఈ నాలుగు ముక్కలే ఆ పిల్లాడి ప్రోగ్రెస్ కార్డు. అందుకే నేను ఇంత పట్టు పడుతున్నా.

లెసన్ ప్లాన్లు ఎనిమిది పెట్టావు, అన్నీ టైప్ చేసి రంగులేసి. ఒక్క వారానిది చాలు. కానీ నువ్వు క్లాసులో వాడిన అసలు కాగితం స్కాన్ చేసి పెట్టు, పెన్సిల్ కొట్టివేతలతో సహా, మంగళవారం వాన పడి ఇసుక ఆట ఆగిపోతే దాని బదులు ఏం చేశావో పక్కన రాసింది కనపడాలి. కుదరక పాడైపోయిన పాఠం కూడా ఒకటి పెట్టు, ఎందుకు పాడైందో నీ మాటల్లో. పిల్లలతో పనిచేసిన వాళ్లెవరికైనా తెలుసు, వేసుకున్న ప్లాన్ వేసుకున్నట్టు జరిగే వారం ఉండదని.

"నా టీచింగ్ ఫిలాసఫీ" పేజీ నాకు కష్టం కలిగించింది. పిల్లలు పువ్వులు, మనం తోటమాలులం అని మొదలుపెట్టావు. ఆ మాట నీది కాదు, ఎవరి ఫైల్లోనైనా సరిపోతుంది. నీకు నిజంగా నమ్మకం ఉన్నది ఒక్కటి ఎంచుకో, అది నీకు ఏ రోజు, ఏ పిల్లాడి దగ్గర తెలిసిందో రాయి, అరపేజీ మించకుండా. మెయిల్లో నువ్వే రాశావు చూడు, "అన్నం తినేటప్పుడు తొందర పెట్టకపోతే పిల్లలు ఎక్కువ మాట్లాడతారు టీచరమ్మా" అని. అదే నీ ఫిలాసఫీ, దాన్నే పట్టుకో.

ఇంగ్లీష్ వీక్ అని భయపడుతున్నావు. ముందు తెలుగులో రాయి, పిల్లాడు తెలుగులో అన్న మాటని తెలుగులోనే ఉంచి, తర్వాత మిగతాది తేలికైన ఇంగ్లీష్‌లోకి మార్చు. పిల్లలకి ఇంటి భాషలోనే ముందు నేర్పాలని చెప్తున్న రోజులివి, "అత్తా ఇది బాలేదు, మళ్లీ ఉతుకు" అని ఒక పిల్ల బొమ్మ గుడ్డ చూపించి అన్న మాటని ఇంగ్లీష్ చేస్తే అందులో ఉన్న ప్రాణం పోతుంది.

ఫొటోల సంగతి గట్టిగా చెప్తున్నా. నీ పీడీఎఫ్‌లో పద్దెనిమిది మంది పిల్లల మొహాలు, పేర్లు, ఒకచోట ఇంటి పేరుతో సహా ఉన్నాయి. ఆ ఫైల్ ఎన్ని వాట్సాప్‌లకి వెళ్తుందో నీకు తెలీదు. 2023లో వచ్చిన డేటా చట్టం కూడా పద్దెనిమిదేళ్ల లోపు వాళ్ల వివరాలకి తల్లిదండ్రుల ఒప్పుకోలు ఉండాలంటోంది. చట్టం సంగతి అటుంచి, వాళ్ల అమ్మానాన్నలు ఆ పిల్లల్ని మన చేతిలో పెట్టారు. పేరు మార్చు, చేతులు, వెనక వైపు, చేసిన వస్తువు ఇవే ఫొటో తియ్, మొహం కావాలంటే సంతకం తీసుకో, స్కూల్ వాళ్లకీ ఒక మాట చెప్పు. ఆ పాత ఫైల్ నువ్వు ఎవరెవరికి పంపావో వాళ్లందర్నీ ఇవాళే డిలీట్ చేయమని అడుగు.

డాలస్‌లో మీ వదిన డేకేర్‌లో చేస్తూ సీడీఏకి, అంటే చిన్నపిల్లల టీచర్లకి అమెరికాలో ఇచ్చే సర్టిఫికెట్‌కి, కడదామనుకుంటోందని కూడా రాశావు. తన పని కొంచెం వేరు, అక్కడ పోర్ట్‌ఫోలియోకి ఒక లెక్క ఉంది, 120 గంటల ట్రైనింగ్, 480 గంటల పని, ఆరు రిఫ్లెక్టివ్ స్టేట్‌మెంట్లు (తన పని గురించి తనే ఆలోచించి రాసేవి), పిల్లల తల్లిదండ్రులు నింపి ఇచ్చే కాగితాలు, ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్, తర్వాత ఒకరు వచ్చి క్లాసు చూసి వెళ్తారు. తనకి ఒకటే చెప్పు, అప్లై చేసే ముందు నెల కూర్చుని రాద్దామనుకోవద్దని, ఏ రోజు నోట్సు ఆ రోజే రాసుకుంటే ఆ ఆరు స్టేట్‌మెంట్లకి సరుకు అందులోనే ఉంటుంది. ఆ పద్ధతిలో నాకు నచ్చింది తల్లిదండ్రుల మాట అడగడం. నువ్వు కూడా ఇద్దరు తల్లుల దగ్గర రెండేసి వాక్యాలు చేతిరాతతో తీసుకుని పెట్టు, "మేడమ్ చాలా మంచివారు" అని రాస్తే మర్యాదగా వెనక్కిచ్చి మీ బాబు ఇంట్లో కొత్తగా ఏం చేస్తున్నాడో రాయమను.

సైజు తగ్గించు, పదిహేను పేజీలు చాలు, ఫోన్లో తెరుచుకోవాలి. సర్టిఫికెట్లు చివర్న, వెబినార్లవి వద్దు, ఫస్ట్ ఎయిడ్ ట్రైనింగ్ తీసుకోకపోతే మాత్రం తీసుకో, మొదటి పేజీలోనే అది ఉందని రాయి, మూడేళ్ల పిల్లలు నోట్లో ఏం పెట్టుకుంటారో నీకు చెప్పక్కర్లేదు (చింతపిక్కలు ఇచ్చినప్పుడు నేను పక్కనే కూర్చునేదాన్ని, అది కూడా గుర్తుపెట్టుకో). అటాచ్‌మెంట్‌కి నీ పేరు పెట్టు, "ఫైనల్ ఫైనల్ టూ" అని పంపావు నాకు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది ఒకటే. రేపు క్లాసుకి వెళ్లాక ఆ పద్నాలుగో పేజీ బాబు పక్కన పది నిమిషాలు కూర్చో, ఫోన్ బ్యాగులో పెట్టేసి, చిన్న పుస్తకం ఒకటి తీసుకుని. యాక్టివ్, తెలివైన లాంటి మాటలు ఒక్కటి కూడా వాడకుండా వాడు ఏం చేశాడో రాయి. టైప్ చేయకు, ఆ కాగితమే ఫొటో తీసి సాయంత్రం నాకు పంపు, మీ అమ్మగారికి కూడా చదివి వినిపించి వాడు ఎవరో ఆవిడకి కళ్లకు కట్టిందో లేదో అడిగి అది కూడా రాయి. ఎర్ర పెన్ను పట్టుకుని ఎదురు చూస్తుంటా.

ఉంటాను,
నీ టీచరమ్మ