దుప్పి పిల్లని ఇంటికి తేకండి

ప్రశ్న: మాది రాపూరు దగ్గర పల్లె. నిమ్మతోట వెలిగొండ అడవిని ఆనుకునే ఉంటుంది. ఈసారి ఎండలు ముదరకముందే వానలు పడి గట్ల మీద గడ్డి మోకాలెత్తు పెరిగింది. మొన్న ఆ గడ్డిలో దుప్పి పిల్ల ఒక్కటే ముడుచుకుని పడుకుని ఉంది, తల్లి జాడ లేదు. తెచ్చి పాలు పట్టి పెంచుదామని మా అబ్బాయి ఒకటే గొడవ. ఏం చెయ్యమంటారు?

జవాబు: దయచేసి ముట్టుకోకండి. తల్లి దాన్ని వదిలేసి పోలేదు, అక్కడ దాచిపెట్టింది. చుక్కల దుప్పి ఈనిన కొత్తలో పిల్లని గడ్డిలోనో పొదలోనో పడుకోబెట్టి మేతకి పోతుంది, మధ్యమధ్యలో వచ్చి పాలిచ్చి మళ్ళీ పోతుంది. ఆ చుక్కల ఒళ్ళు కదలకుండా ఉంటే ఎండా నీడా పడే గడ్డిలో కనపడదు, అదే తల్లి పక్కనే నిలబడితే పిల్ల ఇక్కడుందని నక్కలకీ కుక్కలకీ చెప్పినట్టే. మీరు పాపం అనుకుని అక్కడే కాపలా కాస్తే తల్లి దగ్గరికి రాదు, పిల్ల ఆకలితో ఉండిపోతుంది. దుప్పిని పట్టి పెంచుకోవడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం కూడా. తోట కుక్కల్ని మాత్రం కట్టెయ్యండి, మీరు చేయగలిగిన పెద్ద సాయం అదే. పిల్లకి గాయమైనా, తల్లి చచ్చిపడి కనిపించినా, రోజంతా ఆగకుండా అరుస్తున్నా అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకి ఫోన్ చెయ్యండి.

మీ అబ్బాయికి అడవి జీవాల మీద అంత ఇష్టం ఉండటం నాకు చాలా సంతోషం. దూరం నుంచి చూడటం నేర్పించండి. మామూలు వేసవిలో అయితే కుంట దగ్గర కూర్చుంటే చాలు, అన్నీ నీళ్ళకి వస్తాయి. ఈ ఏడు ప్రతి గుంటలోనూ నీళ్ళున్నాయి కాబట్టి అక్కడ కాపు కాసి లాభం లేదు, వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే బురద చూడమనండి. పెద్ద గిట్టల పక్కనే చిన్న గిట్టలు పడి ఉంటే తల్లీ పిల్లా కలిసి నడిచినట్టు. గాలి మన వైపు నుంచి వాటి వైపు వీస్తుంటే వాసన పట్టేస్తాయి, అటు పక్క నుంచి పోకూడదు. ఉసిళ్ళు లేచిన సాయంత్రం తోటలోనే ఉండమనండి, పాలపిట్టలతో సహా ఎన్నెన్ని పిట్టలు మూగుతాయో! ఉరుములు మొదలైతే మాత్రం చెట్ల కింద ఉండొద్దు, ఇంటికి వచ్చెయ్యాలి.

ప్రశ్న: ఉదయగిరి పక్కన మా మెట్ట చేలోకి వెళ్తే చాలు, తీతువు పిట్ట నెత్తి మీద తిరుగుతూ ఒకటే అరుపు. అపశకునం అంటున్నారు, టెన్షన్‌గా ఉంది.

జవాబు: అపశకునం ఏమీ లేదండీ. నేల మీద గుడ్లో పిల్లలో ఉన్నాయి, మిమ్మల్ని దూరం పొమ్మంటోంది. తీతువు గూడు కట్టదు, ఉత్త నేల మీదే మామూలుగా 4 గుడ్లు పెడుతుంది, అవి మట్టి రంగులో కలిసిపోయి కాలికింద పడేదాకా కనపడవు. పిల్లలు కూడా అరుపు వినగానే నేలకి అతుక్కుపోతాయి. వాన పడుతున్నప్పుడు తల్లి రెక్కల కింద వెచ్చగా ఉండాలి, మనం అక్కడే నిలబడితే తల్లి రాదు, పిల్లలు తడిసి వణికి చచ్చిపోతాయి. గుడ్లు పొదగడానికి దాదాపు 4 వారాలు పడుతుంది, అందాకా ఆ కాస్త చోటు వదిలి చుట్టూ దున్నుకోండి.