టెలిపోర్ట్ తలుపు రాసే అమ్మాయికి ఏ కోర్సు?

ప్రశ్న: మాది కొండపి దగ్గర పల్లె, పొగాకు వ్యవసాయం. మా అమ్మాయికి పదిహేడేళ్లు. ఇంటర్ ఎంపీసీ పరీక్షలు రాసి ఇంట్లో ఉంది. మేనమామ ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో సెకండ్ లైఫ్ అనేది పెట్టుకుని, అందులో బొమ్మ మనుషుల్ని ఒక చోట మాయం చేసి ఇంకో చోట తేల్చే స్క్రిప్టులు, అంటే చిన్న ప్రోగ్రాములు, రాస్తోంది. హైదరాబాద్‌లో మెటావర్స్ అని, ఇట్టాంటి కంప్యూటర్ లోకాలు కట్టడం నేర్పే కోర్సు ఉందంట, ఫీజు నాలుగున్నర లక్షలు, అందులో చేరతానంటోంది. సీఎస్‌ఈ మంచిదా, ఇది మంచిదా? రాత్రి పన్నెండు దాకా ఎవరెవరితోనో టైప్ చేస్తా ఉంటే ల్యాప్‌టాప్ తీసి బీరువాలో పెట్టాను.

జవాబు: అయ్యా, మీరు కోర్సు గురించి అడిగారు గానీ, మీకు నిద్ర పట్టనీయని సంగతి చివరి వాక్యంలో ఉంది. ఒంగోలు, కందుకూరు, కావలి వైపు నుంచి నాకొచ్చే ఉత్తరాలు చాలావరకు ఇట్టాగే ఉంటాయి. పైకి కోర్సు పేరు, లోపల పిల్ల ఎవరి మాటల్లో పడుతుందోనన్న భయం. అదే అబ్బాయి అయితే బీరువాకి తాళం పడేదా? ఆలోచించండి.

ఆమె ఏం చేస్తోందో ఒక్కసారన్నా పక్కన కూర్చుని చూశారా? చూసి ఉండరు, నేను చెప్తాను. సెకండ్ లైఫ్ 2003లో అమెరికాలోని లిండెన్ ల్యాబ్ తెరిచిన త్రీడీ లోకం. అక్కడి నేలంతా రీజియన్లు, ఒక్కోటి 256 మీటర్ల పొడవు, అంతే వెడల్పు. ఆమె స్క్రిప్టు రాసి పెట్టిన తలుపు నొక్కితే అవతార్, అంటే ఆ బొమ్మ మనిషి, ఇంకో రీజియన్లో తేలాలి. దీన్నే టెలిపోర్ట్ అంటారు. వినడానికి తేలిక. కానీ అక్కడ స్క్రిప్టు ఎవర్నీ చెప్పాపెట్టకుండా పంపలేదు. ముందు టెలిపోర్ట్ అనుమతి అడగాలి. అవతార్ వెనకున్న మనిషి సరే అనాలి. ఆ సరే అన్న కబురు ఈవెంట్ అనే సంకేతంగా తిరిగొచ్చాకే, పంపే ఫంక్షన్‌ని, అంటే ఆ పని చేసే ఆదేశాన్ని, పిలవాలి. అడిగిన మరుసటి లైన్లోనే పంపబోతే తలుపు కదలదు, కొత్తవాళ్లు అక్కడే గంటలు పోగొట్టుకుంటారు. ఇంకో చిక్కు కూడా ఉంది. మామూలుగా ఆ ఫంక్షన్ తలుపు సొంతదారునే పంపుతుంది. దారిన పోయేవాళ్లని పంపాలంటే ఎక్స్‌పీరియన్స్ అనే ప్రత్యేక ఏర్పాటు కావాలి, లేకపోతే మ్యాప్ తెరిచిపెట్టి టెలిపోర్ట్ బటన్ వాళ్లనే నొక్కుకోమనాలి. పాత చిట్కా ఒకటుంది: వస్తువు మీద కూర్చోబెట్టి, కూర్చునే చోటు మాత్రం దూరంగా పెట్టి, అక్కడ లేపెయ్యడం. దానికి ఏ దిక్కుకైనా 300 మీటర్లే హద్దు.

ఇదంతా పన్నెండో తరగతి పిల్ల ఎవరూ చెప్పకుండా నేర్చుకుంది. ఒకటి అడిగి, జవాబు వచ్చేదాకా ఆగి, తర్వాతి పని చెయ్యడం ఎట్టాగో బీటెక్ మూడో ఏడాది పిల్లల్ని అడిగి చూడండి, ఎందరు తడబడతారో. మీరేమో దాన్ని బీరువాలో పెట్టారు.

అట్లాగని మీ భయం ఉత్తదని అనను. ఆ లోకంలో పెద్దవాళ్లకు మాత్రమే అని గుర్తు పెట్టిన చోట్లు ఉన్నాయి. పదహారు, పదిహేడేళ్ల పిల్లల్ని జనరల్ అని ఉన్న రీజియన్లలోకే రానిస్తారు, అది కూడా ఖాతాలో పుట్టిన తేదీ నిజంగా ఇస్తేనే. ముందు అది చూడండి, తప్పుంటే ఆమె చేతే సరిచేయించండి. అసలు పేరు, ఫొటో, ఫోన్ నంబరు, ఊరు ఎవరికీ ఇవ్వకూడదని కూర్చోబెట్టి చెప్పండి. ఎవరన్నా టెలిపోర్ట్ ఆఫర్ పంపితే వద్దనే బటన్ కూడా ఉంటుంది, ఆ సంగతి మీకంటే ఆమెకే బాగా తెలుసు. ఎవరన్నా బెదిరిస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యొచ్చు. కానీ ముందు మీకు చెప్పుకోగలగాలి కదా! ల్యాప్‌టాప్ లాక్కున్న నాన్నకు ఏ పిల్లా చెప్పదు.

ఇక కోర్సు. వద్దు. మెత్తగా చెప్పడానికి ఏమీ లేదు. 2021 అక్టోబరులో ఫేస్‌బుక్ తన కంపెనీ పేరు మెటా అని మార్చుకుంది, దాంతో మెటావర్స్ కోర్సుల బోర్డులు లేచాయి. అదే కంపెనీలో ఆ పని చూసే విభాగానికి 2022లో 1,370 కోట్ల డాలర్ల నష్టం, 2023లో 1,600 కోట్ల పైన. మైక్రోసాఫ్ట్ తన ఆల్ట్‌స్పేస్ వీఆర్‌ని 2023 మార్చిలో మూసేసింది. చాట్‌జీపీటీ వచ్చాక ఆ బోర్డుల మీదే ఏఐ అని రాసుకున్నారు. పొగాకు వేలంలో బేలు పైపొర చూసి ధర కట్టే బయ్యరు ఎంతకాలం నిలుస్తాడో మీకు తెలుసు. నాలుగున్నర లక్షలు పోసి మీరు కొంటున్నది ఆ పైపొరే. ప్లేస్‌మెంట్ గ్యారంటీ అని కాగితం ఇస్తామంటే, కిందటేడు చేరినవాళ్ల ఫోన్ నంబర్లు అడగండి. మాట మారుస్తారు.

ఆమె వినాల్సిన మాట కూడా ఒకటుంది. సెకండ్ లైఫ్ స్క్రిప్టు భాష, అదే ఎల్‌ఎస్‌ఎల్, ఆ లోకం బయట దాదాపు ఎక్కడా నడవదు. అది వచ్చని ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. ఆటలు, త్రీడీ లోకాలు తయారుచేసే రోబ్లాక్స్‌లో లువా, యూనిటీలో సీ షార్ప్, అన్‌రియల్‌లో సీ ప్లస్ ప్లస్ కావాలి. ఆమెకొచ్చిన ఆలోచనా పద్ధతి మాత్రం వీటన్నిటిలో పనికొస్తుంది. సీఎస్‌ఈలో చేర్చండి, హాస్టల్ ఖర్చు లేకుండా ఒంగోలులో దొరికినా నాకు అభ్యంతరం లేదు. బ్రాంచి పేరు పక్కన ఏఐ అనో, డేటా సైన్స్ అనో తోక ఉందా లేదా అని కొట్టుకోకండి. సాయంత్రం ల్యాబు తెరిచి ఉంచే కాలేజీనా కాదా అన్నది చూడండి.

పోలిక ఇంతేనా అంటారేమో. ఇంతే. తలుపులు రాసే పిల్లకి సీఎస్‌ఈలో దారి దొరక్కపోవడం అరుదు. ఊళ్లో ఎవరన్నా బొమ్మలాట అని నవ్వితే నవ్వనివ్వండి.

ఈ సెలవుల్లో ఆమెకో పని చెప్పండి. ఓపెన్‌సిమ్యులేటర్ అని ఉచితంగా దొరుకుతుంది, సెకండ్ లైఫ్ లాంటి లోకాన్నే సొంత ల్యాప్‌టాప్‌లో నడుపుకోవచ్చు. బయటివాళ్లెవరూ ఉండరు, మీకూ నిద్ర పడుతుంది. దాంట్లో టెలిపోర్ట్ ఫంక్షన్లు కొన్ని సెట్టింగుల ఫైల్లో అనుమతి తెరిస్తేనే పనిచేస్తాయి. ఎందుకట్టా మూసి ఉంచారో దాని సోర్స్ కోడ్‌లో వెతుక్కోమనండి. ఆ కోడంతా సీ షార్ప్‌లోనే ఉంటుంది.

ఇంకొకటి, కౌన్సెలింగ్ తేదీలు దగ్గరపడుతున్నాయి. వెబ్ ఆప్షన్లు ఇంటర్నెట్ సెంటర్ వాడికి వదిలెయ్యకండి, పాస్‌వర్డ్ అసలు ఇవ్వకండి. ల్యాప్‌టాప్ బయటికి తీసి, ఆమె చేతే పెట్టించి, ఫ్రీజ్ చేసేముందు కాలేజీల వరుస ఇద్దరూ కలిసి చదువుకోండి.