పొదల దగ్గర మొదలుపెట్టు

చిరంజీవి అమ్మాయికి,

బరంపురం నుంచి ఆశీస్సులు. నీ ఉత్తరం, దాంతోపాటు నీ మొగలి అత్తరు పనికి డబ్బు పెట్టమని అడగడానికి రాసిన పిచ్ కాగితాలు మొన్న అందాయి. రెండుసార్లు చదివాను. "మేడమ్" అని రాశావు. ఒకే జిల్లా వాళ్లం, మీ అమ్మమ్మగారి ఊరు నాకు తెలిసిన ఊరే. పిన్నీ అని రాయి, చాలు.

"40 ఏళ్లుగా కథలు రాస్తున్నారు కదా, ఇది కథలా ఉందేమో చూడండి" అని అడిగావు. పిచ్ కాగితాల్లో కథ లేదు. నువ్వు నాకు రాసిన ఉత్తరంలో ఉంది. కాగితాల్లో నీ మొదటి వాక్యం: "గంజాం జిల్లా గ్రామీణ మహిళలకు సాధికారత కల్పించాలనుకుంటున్నాము." ఉత్తరంలో మాత్రం ఇలా రాశావు: "తెల్లవారుజామున కోసిన మొగలిపువ్వు ఎండెక్కేసరికి వాసన తగ్గిపోతుంది. అత్తరు తీసే పెద్ద బట్టీ చాలా దూరం. కొనేవాడు మధ్యాహ్నం వచ్చి, వాడిపోయాయి కదమ్మా అని ధర తగ్గిస్తాడు. అందుకే పొదల పక్కనే పూలు మరిగించి అత్తరు తీసే చిన్న రాగి పాత్ర, డేగ్, పెట్టాం."

ఈ నాలుగు వాక్యాలు చదివి నేను కాసేపు కాగితం పక్కన పెట్టేశాను. చిన్నప్పుడు మా అమ్మ నా జడలో మొగలిరేకులు పెట్టి కుట్టేది. ఆ పొదల్లో పాములుంటాయని మమ్మల్ని దగ్గరికి వెళ్లనిచ్చేవారు కాదు. మరి ఆ పువ్వు ఎవరో కోస్తేనే కదా నా జడలోకి వచ్చింది! కోసిన చెయ్యి గురించి ఇన్నేళ్లలో ఒక్కసారీ ఆలోచించలేదు. నీ ఉత్తరం ఆలోచింపజేసింది. వినేవాళ్లకూ అదే జరగాలి. కాబట్టి పొదల దగ్గర మొదలుపెట్టు.

ఇంకో సంగతి. నీ కాగితాల్లో "అనుకుంటున్నాము" 11 సార్లు వచ్చింది. "పెట్టాం" ఒక్కసారీ రాలేదు. తెలుగులో వాక్యం బరువంతా చివర క్రియ మీద పడుతుంది. నువ్వు నిజంగా పెట్టిన డేగ్‌ను, తీసిన అత్తరును, కొన్న మొదటి కస్టమరును ఆ "అనుకుంటున్నాము" మింగేసింది. ఆడపిల్లలం చేసిన పనిని కూడా చేస్తామేమో అన్నట్టు చెప్పడానికి అలవాటు పడ్డాం. పెద్దవాళ్ల ముందు అది వినయమని నేర్పారు. డబ్బు పెట్టేవాళ్లకు మాత్రం అది ఇంకా జరగని పనిలా వినిపిస్తుంది. 11 చోట్లా సరిచెయ్యి. జరిగినదాన్ని జరిగిందని రాయి, జరగబోయేదాన్ని ఏ నెలలో జరుగుతుందో చెప్పి రాయి.

భువనేశ్వర్‌లో డబ్బు పెట్టేవాళ్ల ముందు ఇంగ్లీషులో మాట్లాడాలి, నేను చదివింది ఒడియా మీడియం, టెన్షన్‌గా ఉంది అన్నావు. ముందు మొత్తం ఇంటి తెలుగులో మీ అమ్మకు చెప్పు. పర్లాకిమిడిలో పనిచేసిన గిడుగు రామమూర్తిగారు జనం మాట్లాడే భాషలోనే రాయాలని జీవితమంతా పోరాడారు. అక్కడి కొండల్లోని సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. మన సరిహద్దు ఊళ్లలో ఉండి ఆయన్ని మరిచిపోకూడదు. "సాధికారత" అంటే మీ అమ్మ "అంటే ఏం చేశారే?" అని అడుగుతుంది. ఆవిడకు నువ్వు చెప్పే జవాబే ఇంగ్లీషులో పెట్టు. చిన్న వాక్యాలైనా పరవాలేదు.

రెండో పేజీ గురించి చెప్పడం కష్టంగా ఉంది, అయినా చెబుతాను. నాన్నగారు పోవడం, చుట్టాల మాటలు, క్లాసులో ఒక్కదానివే ఆడపిల్లవు కావడం, అన్నీ రాశావు. చదువుతుంటే కళ్లు తడిశాయి. నా పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. వయసులో ఉండగా ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి ఇక్కడ చిన్న ప్రెస్సు పెట్టాలని ఒక బ్యాంకుకు వెళ్లాను. నా కష్టాలన్నీ చెప్పాను. మేనేజరు కరిగిపోయి టీ తెప్పించి, "మీ ఆయన్ని తీసుకురండమ్మా" అని పంపేశాడు. ఆయన అలా అనడం తప్పు, ఇప్పటికీ తప్పే అంటాను. కానీ ఊళ్లో పెళ్లిళ్లకు తెలుగు శుభలేఖలు అచ్చు వేయించుకోవడానికి ఎంతమంది ఇచ్ఛాపురం దాకా వెళ్తున్నారో నాకు తెలుసు. అది నేను చెప్పనేలేదు.

అందుకని నీ కష్టాల్లో ఈ పనికి దారి చూపించినవి మాత్రం ఉంచు. మొగలాకు ముళ్లకు గీసుకుపోయిన అమ్మమ్మ చేతులు ఉంచు. ఆ చేతుల వల్లే ఏ పువ్వు ఎప్పుడు కోయాలో నీకు తెలిసింది. అది ఇంకో కంపెనీకి దొరకని తెలివి. చుట్టాల మాటలు తీసెయ్యి.

అంకెలను విడిగా స్లైడులో పడేయకు, కథలోనే నడిపించు. లిజ్జత్ అప్పడాల కథ చూడు. 1959లో బొంబాయి గిర్గావ్‌లో ఏడుగురు ఆడవాళ్లు 80 రూపాయలు అప్పు తీసుకుని మొదలుపెట్టారు, మొదట చేసినవి 4 ప్యాకెట్లు. ఆ 80, ఆ 4 తీసేస్తే అందులో గుర్తుండేది ఏముంది? నీ దగ్గరా అలాంటివి ఉన్నాయి: కోసిన ఎన్ని గంటలకు పువ్వు డేగ్‌లో పడుతోంది, ఇదివరకు ఎన్ని గంటలు పట్టేది, కోసినవాళ్ల చేతికి ఎంత ఎక్కువ వచ్చింది. గంజాం మొగలిపువ్వుకు, దాని నుంచి తీసే రూహ్ అనే సుగంధ తైలానికి జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతపు సరుకేనన్న ముద్ర, ఉంది కదా, దాన్ని కూడా కథ చివర అంటించకుండా "ఈ పని ఇక్కడే ఎందుకు" అన్నచోట చెప్పు.

ప్రశ్నల సమయం గురించి జాగ్రత్త. డానా కాంజే అనే పరిశోధకురాలు, ఆమెతో కలిసి పనిచేసినవాళ్లు 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. న్యూయార్క్‌లో కొత్త కంపెనీలకు జరిగిన టెక్‌క్రంచ్ డిస్‌రప్ట్ అనే పిచ్ పోటీలో 2010 నుంచి 2016 దాకా అడిగిన ప్రశ్నలు పరిశీలించారు. మగవాళ్లను అడిగినవాటిలో 67 శాతం "ఎంత పెరుగుతారు, ఎలా గెలుస్తారు" అనే తరహావి. ఆడవాళ్లను అడిగినవాటిలో 66 శాతం "నష్టం రాకుండా ఎలా చూస్తారు" అనే తరహావి. జాగ్రత్త ప్రశ్నకు జాగ్రత్త జవాబుతోనే ఆగిపోయినవాళ్లకు తక్కువ డబ్బు వచ్చింది, పెరుగుదల వైపు మాట తిప్పినవాళ్లకు ఎక్కువ వచ్చింది. నిన్ను "వానలు తప్పితే ఏం చేస్తావు?" అంటారు. దానికి నిజాయితీగా ఒక్క వాక్యంలో జవాబు చెప్పు. వెంటనే "వచ్చే సీజనుకు మూడు ఊళ్లలో డేగ్‌లు పెడుతున్నాం, ఒకచోట తగ్గితే ఇంకోచోట ఉంటుంది" అని ముందుకు నడిపించు. ఇది మీ అమ్మతో కూర్చుని పదిసార్లు సాధన చెయ్యి. ఆవిడని గట్టిగా అడగమను.

ఒకటి మాత్రం మరిచిపోవద్దు. నీ ఉత్తరంలోని ఆ పూలు కోసే ఆవిడ ఫోటో మొదటి స్లైడులో పెడతానన్నావు. ముందు ఆవిడని అడిగావా? ఆ గదిలో ఏం చెప్పబోతున్నావో ఆవిడకు చదివి వినిపించు. వద్దంటే ఫోటో తీసెయ్యి, పేరు తీసెయ్యి. ఆవిడ ఏదైనా సరిచేస్తే ఆ సరిచేసిన మాటే ఉంచు. నేను కథల్లో ఈ పని చేయక ఇద్దరు ముగ్గురిని నొప్పించాను, ఆ బాధ ఇంకా పోలేదు.

తిరగరాసిన కాగితాలు పంపు. వానలు పడి పూలు మొదలయ్యాక ఒకరోజు నేనూ నీతో పొదల దగ్గరికి వస్తాను. చీకటుండగా ఎన్ని గంటలకు బయలుదేరాలో రాయి.

ఇట్లు,
మీ పిన్ని