కల్యామాకు కుండీకి ఏ సీసా కొనాలి?

దేవరకొండ దగ్గరి ఊరి నుంచి ఎంఎస్ చదవడానికి డెన్వర్ వచ్చిన ఒక తమ్ముడు మొన్న నాకు రెండు ఫోటోలు పంపాడు. ఒకదాంట్లో పసుపు తిరిగిన కల్యామాకు (కరివేపాకు) మొక్క. రెండోదాంట్లో అతని రూమ్మేట్ గంజాయి మొక్కలకు పోసే ఎరువుల సీసాలు, అల్మారా నిండా తొమ్మిది. ‘అన్నా, వీటిలో నా మొక్కకు ఏది పోయాలి? ఇక్కడ మనిషికి ఆరు గంజాయి మొక్కలు పెంచుకోవచ్చట, మావాడు నన్నూ పెట్టమంటున్నాడు. పెట్టొచ్చా?’ అని అడిగాడు.

రెండో ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. ఎరువు తప్పితే మొక్క పోతుంది, ఇది తప్పితే నువ్వు వచ్చిన పని పోతుంది. పెట్టొద్దు తమ్ముడూ. కొలరాడో ప్రజలు 2012లో ఓటేసి 21 ఏళ్లు నిండినవాళ్లు ఇంట్లో ఆరు మొక్కలు పెంచుకోవచ్చన్నారు, నిజమే. కానీ నీ వీసా ఇచ్చింది కొలరాడో కాదు. వీసాలు, గ్రీన్‌కార్డులు చూసేది అమెరికా కేంద్ర ప్రభుత్వం. 1970 నాటి కేంద్ర చట్టంలో గంజాయి ఇంకా నియంత్రిత పదార్థాల జాబితాలోనే ఉంది. అరెస్టు కాకపోయినా, కేసు లేకపోయినా, ఎయిర్‌పోర్టులో అధికారి అడిగినప్పుడు ‘అవును, నా దగ్గర ఉండేది’ అని ఒప్పుకున్నా దేశంలోకి రానివ్వకపోవచ్చు. రాష్ట్రంలో చట్టబద్ధమైనా సరే, గంజాయితో సంబంధం పౌరసత్వానికి అడ్డు కావచ్చని 2019 ఏప్రిల్‌లో ఇమిగ్రేషన్ శాఖ రాతపూర్వకంగానే చెప్పింది. గంజాయి దుకాణంలో ఉద్యోగమైతే ఇంకా పెద్ద చిక్కు.

రూమ్మేట్ మొక్కలు అతని గదిలో అతని బాధ్యత. నువ్వు నీళ్లు పోయొద్దు, అతను ఊరెళ్తే చూసుకుంటానని మాటివ్వొద్దు, ఆ సీసాల బిల్లు కిరాణా బిల్లుతో కలిపి నీ కార్డు మీద గీకొద్దు. వీలైతే లీజు అయిపోగానే ఇల్లు మారు. ఇప్పటికే ఏదైనా జరిగి ఉంటే దాచుకోకుండా ఇమిగ్రేషన్ లాయర్‌కు చెప్పు, అధికారికి మాత్రం ఎప్పుడూ అబద్ధం చెప్పకు. మన దగ్గర 1985 చట్టం ప్రకారం గంజాయి సాగుకు పదేళ్ల వరకు జైలు పడుతుందని ఊళ్లో చిన్నపిల్లాడికీ తెలుసు. ఇక్కడికొచ్చాక బోర్డులు చూసి ఆ భయం పోతుంది. నాకు దిగులంతా అదే.

ఇక సీసాల సంగతి. ఈ సీసాలు అమ్మే దుకాణాలు ఇక్కడ చాలాచోట్ల ఉంటాయి, మనవాళ్లు మిరప నారుకు ఎరువు కావాలని లోపలికెళ్లి వంద డాలర్లు వదిలించుకుని వస్తారు. నల్గొండలో పిండి (ఎరువు) బస్తా మీద అంకెలు చూసి పెరిగినవాళ్లం, సీసా మీదా అవే అంకెలుంటాయి. యూరియా 46-0-0, డీఏపీ 18-46-0. మొదటిది నత్రజని, రెండోది భాస్వరం, మూడోది పొటాష్, నూటికి ఎంత ఉందో లెక్క. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోలకు పైనే నత్రజని ఉంటుంది. ఆ సీసాలలో ఒకదాని మీద 2-1-6 అని ఉంది. అంటే కిలో ద్రవంలో 20 గ్రాముల నత్రజని, 10 గ్రాముల భాస్వరం, 60 గ్రాముల పొటాష్. మిగతాదంతా ఎక్కువగా నీళ్లే. నీళ్లలో కరిగే 20-20-20 పొడి డబ్బా ఒకటి కొంటే సీజనంతా వస్తుంది.

ఆ తొమ్మిదిలో ‘గ్రో’ ఆకు పెరిగే దశకు, ‘బ్లూమ్’ పూత దశకు. గంజాయిలో వాళ్లకు కావలసింది పూత, అందుకే పూత మందులు అన్ని రకాలు. మనకు కావలసింది ఆకు. కల్యామాకుకు, పుంటికూరకు (గోంగూరకు) భాస్వరం కుమ్మరించి లాభం లేదు, నత్రజని చాలు. టమాటకు, మిరపకు కాయ పట్టేటప్పుడు పొటాష్ కాస్త ఎక్కువున్నది ఇవ్వొచ్చు. ‘క్యాల్‌మాగ్’ అంటే కాల్షియం, మెగ్నీషియం. కొబ్బరి పొట్టులో పెంచేవాళ్లకు, ఆర్‌ఓ ఫిల్టర్ నీళ్లు పోసేవాళ్లకు అవసరం. మామూలు మట్టి మిశ్రమంలో కుళాయి నీళ్లతో పెంచేవాడికి చాలాసార్లు అక్కర్లేదు. తీపి సీసా ఒకటుంటుంది, చూస్తే చెరకు మడ్డి. మన జీవామృతంలో బెల్లం వేసినట్టే, అది మట్టిలోని సూక్ష్మజీవులకు తిండి. చలికాలం కిటికీ పక్కన పెట్టిన కుండీలో పోస్తే ఈగలు ముసురుతాయి. పుల్లమజ్జిగదీ అదే తంతు, ఇంట్లోపల వద్దు.

ఇప్పుడు ఆ పసుపు ఆకు. ఫోటోను పెద్దది చేసి చూశాను. కింది ఆకులు పచ్చగానే ఉన్నాయి, పై చిగుళ్లే పాలిపోయాయి, ఈనెలు మాత్రం సన్నగా ఆకుపచ్చ గీతల్లా కనిపిస్తున్నాయి. మా నాయన బత్తాయి తోటలో ఈ ఆకు చూస్తూనే పెరిగాను. కల్యామాకు, బత్తాయి ఒకే కుటుంబం చెట్లు, జబ్బులూ లోపాలూ దగ్గర దగ్గరగానే ఉంటాయి. నత్రజని తక్కువైతే కింది ముదురాకు మొత్తం పసుపవుతుంది. మెగ్నీషియం తక్కువైతే ముదురాకులోనే ఈనెల మధ్య పసుపు. చిగురులో ఈనెల మధ్య పసుపు వచ్చిందంటే ఇనుము, ఒక్కోసారి జింక్. చాలాసార్లు మట్టిలో ఇనుము లేక కాదు, వేరు దాన్ని అందుకోలేక. నీళ్లు, మట్టి క్షారం వైపు ఉంటే అలా అవుతుంది. డెన్వర్ నీటి సంస్థ సీసపు పైపుల బెడద తగ్గించడానికి 2020 నుంచి కుళాయి నీళ్ల పీహెచ్ 8.8కు పెంచింది (పీహెచ్ 7 దాటితే క్షారం). నువ్వు వేరే ఊళ్లో ఉంటే మీ నీటి సంస్థ ఏటా ఇచ్చే నీటి నాణ్యత నివేదిక చూడు, అందరికీ పంపాలని నియమం ఉంది.

దీనికి తొమ్మిది సీసాలు కాదు, చిలేటెడ్ ఇనుము, అంటే వేరు అందుకోగలిగే రూపంలో కట్టి ఉంచిన ఇనుము, చిన్న పొట్లం కావాలి. ప్యాకెట్ మీద ఈడీడీహెచ్ఏ అని ఉన్నది తీసుకో, పీహెచ్ 7 దాటినా అది పనిచేస్తుంది. ఈడీటీఏ అని ఉన్నది అంత క్షారంలో నిలవదు. ఈడీడీహెచ్ఏ పొడి నీళ్లలో వేస్తే ఎర్రగా దానిమ్మ రసంలా అవుతుంది, కంగారు పడకు. కార్పెట్ మీద మాత్రం పడనీయకు, మరక పోదు.

మోతాదు విషయంలో నేను పడ్డ బాధ నువ్వు పడొద్దు. 2011 చలికాలంలో నా కల్యామాకు ఎదగట్లేదని డబ్బా మీద రాసినంతా వేసి, పైన పూత మందూ పోశాను. రెండు వారాలకు మట్టి మీద, కుండీ అంచున ఉప్పు పేరినట్టు తెల్లటి పొర కట్టింది. ఆకుల కొసలు గోధుమరంగుకు మాడాయి. తర్వాత ఆకులన్నీ రాలి పుల్ల మిగిలింది. అమ్మతో ఫోన్లో చెప్తుంటే గొంతు పూడుకుపోయింది. కుండీని స్నానాల తొట్టిలో పెట్టి, కింద నుంచి కారేదాకా మళ్లీ మళ్లీ నీళ్లు పోసి కడిగాను. జూన్‌లో గానీ చిగురు రాలేదు. అప్పట్నుంచి డబ్బా చెప్పినదాంట్లో సగమే వేస్తాను, నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అసలు వేయను. వెలుతురు తక్కువ రోజుల్లో మొక్క ఆకలి కూడా తక్కువ.

ఇంకో మాట. పుంటికూరలో గోగు రకం ఆకు వేళ్లు చాచినట్టు చీలి గంజాయి ఆకులా ఉంటుంది, శాస్త్రనామంలోనే ‘కన్నాబినస్’ అని ఉంది. 2014లో జార్జియాలో హెలికాప్టర్ నుంచి బెండ మొక్కలు చూసి గంజాయనుకుని పోలీసులు ఒకాయన ఇంటికొచ్చారు. పెరట్లో గోగు వేస్తే ఇంటి ఓనర్‌కు ముందే ఒక మాట చెప్పు, వీలైతే పువ్వు చూపించు. అమ్మ సూట్‌కేసులో కల్యామాకు, గింజలు పెడతానంటే వద్దను. బత్తాయి జాతి చెట్లను చంపే గ్రీనింగ్ తెగులును మోసే పురుగు ఆ ఆకు మీద కూడా బతుకుతుంది, కస్టమ్స్ వాళ్లు తీసేస్తారు, చెప్పకుండా తెస్తే జరిమానా కూడా పడొచ్చు. మొక్క ఇక్కడి నర్సరీలోనే కొనుక్కో.

కాబట్టి ఈ శనివారం ఇనుము పొట్లం తెచ్చి నీళ్లలో కలిపి పోసెయ్, సీసాలు అతని అల్మారాలోనే ఉండనీ. మూడు నాలుగు వారాలాగి కొత్త చిగురు ఫోటో పంపు. పసుపు పడిన పాత ఆకులు మళ్లీ పూర్తిగా పచ్చబడకపోవచ్చు, వాటిని చూసి టెన్షన్ పడకు.