దారి పక్కన డబ్బాల వేట

అమ్మలూ,

నాలుగు రోజుల కారు ప్రయాణం పెట్టుకున్నారనీ, దారిలో పిల్లలతో జియోక్యాషింగ్ చేద్దామనుకుంటున్నారనీ నీ మెసేజ్ చూశాను. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నా. మీ ఆయనకి కూడా చదివి వినిపించు. బండి నడిపేది ఆయన, మధ్యలో విసుక్కునేదీ ఆయనే.

క్యాష్ అంటే ఇక్కడ డబ్బు కాదు, డబ్బా. ఎవరో ఒక చోట ఒక డబ్బా దాచి, దాని అక్షాంశ రేఖాంశాలు ఈ ఆట యాప్‌లో పెడతారు. నువ్వు వెళ్ళి వెతికి, లోపలున్న కాగితం మీద (దాన్నే లాగ్ అంటారు) పేరూ తేదీ రాసి, దాన్ని ఉన్నచోట ఉన్నట్టే పెట్టి వచ్చేస్తావు. 2000 మే 2న అమెరికా ప్రభుత్వం మామూలు జనానికి అందే జీపీఎస్ సిగ్నల్లో తానే కావాలని కలిపిన తేడాను తీసేసింది. అంతకుముందు దాదాపు వంద మీటర్ల దాకా తప్పు చూపించేది ఆ ఒక్కరోజుతో బాగుపడింది. మర్నాడే డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒరెగాన్‌లో ఒక బకెట్ దాచి, ఎక్కడుందో ఇంటర్నెట్‌లో పెట్టాడు. అందులో చిక్కుడు గింజల టిన్ను కూడా ఉందట! అదే నెల 11న కాన్సస్‌లో హైవే ఎగ్జిట్ పక్కన పెట్టిన మింగో అనే డబ్బా, ఈనాటికీ ఆటలో ఉన్నవాటిలో అన్నిటికంటే పాతది. రోడ్డు ప్రయాణానికీ ఈ ఆటకీ పొత్తు మొదటి నెల్లోనే కుదిరిందన్నమాట.

ఇప్పుడు అసలు మాట. మా మొదటి ప్రయాణంలో నేను చేసిన తప్పు నువ్వు చెయ్యకు. మ్యాప్‌లో ఆకుపచ్చ గుర్తు కనబడిన ప్రతిచోటా మీ పెదనాన్నతో బండి ఆపించాను. ఒకటి సరిగ్గా మలుపు దగ్గర, రోడ్డు అంచున. ఆయన వద్దంటూనే పక్కకు తీశారు. నేను తలుపు సగం తెరిచానో లేదో, లారీ ఒకటి ఆనుకున్నట్టే దూసుకుపోయింది. ఆ గాలికి తలుపు నా చేతిలోంచి ఊడిపోయినంత పనైంది. వెనక సీట్లో పిల్లలు కిక్కురుమనలేదు. ఆ తర్వాత డబ్బా దొరికింది కూడా, కానీ అది ఎలా ఉందో ఇప్పుడు గుర్తే లేదు. ఆ లారీ చప్పుడు మాత్రం గుర్తుంది.

అందుకని ముందు ఆగే చోట్లు రాసుకోండి, డబ్బాలు తర్వాత. రెండు గంటలకోసారి ఎలాగూ ఆగాలి. బాత్రూమ్, నీడ, బండి పెట్టుకోడానికి సరైన జాగా ఉన్నచోట్లు ఎంచుకుని, అక్కడినుంచి ఐదు నిమిషాల నడకలో ఏముందో అప్పుడు యాప్‌లో చూడు. ఏమీ లేకపోతే పిల్లల్ని పరిగెత్తనివ్వు. యాప్‌లో బాణం సూటిగా దూరం చెబుతుందే తప్ప దారి చెప్పదు. 120 మీటర్లే కదా అనుకుంటే అది హైవేకి అవతలి పక్క ఉండొచ్చు, మధ్యలో కంచో కాలవో ఉండొచ్చు. పిల్లల్ని వెంటబెట్టుకుని రోడ్డు దాటాల్సి వస్తే అది మీది కాదు, వదిలెయ్.

ఎంపికంతా బయల్దేరే ముందు రాత్రే చేసుకో. వెతకడం ఎంత కష్టం, అక్కడికి చేరే నేల ఎంత కష్టం, ఈ రెండిటికీ ఒకటి నుంచి ఐదు దాకా, అరలతో సహా, మార్కులుంటాయి. రెండూ రెండుకి మించకుండా చూసుకో. ట్రెడిషనల్ అన్నవే తీసుకో, వాటికి చూపిన చోటే డబ్బా ఉంటుంది. మిస్టరీ అన్నవాటికి మ్యాప్‌లో చూపే చోట సాధారణంగా ఏమీ ఉండదు, చిక్కుముడి విప్పితే గానీ అసలు చోటు తెలీదు. మల్టీ ఒక చోటినుంచి ఇంకో చోటికి తిప్పుతుంది. వెనక సీట్లో ఇద్దరు పిల్లలున్నప్పుడు రెండూ వద్దు. ఈమధ్య వెతికినవాళ్ళు రాసినవి తప్పకుండా చదువు. వరసగా ముగ్గురు నలుగురు దొరకలేదన్నారంటే ఆ డబ్బా ఎప్పుడో పోయి ఉంటుంది. ఎంచుకున్నవి ఫోన్లోకి దించిపెట్టుకో. ఊళ్ళకి దూరంగా నెట్ ఉండదు, కానీ జీపీఎస్‌కి నెట్ అక్కర్లేదు.

వెతకడం దగ్గర అందరూ చేసే పొరపాటు ఒకటుంది, ఫోన్ వంక చూస్తూ గుండ్రంగా తిరగడం. ఆకాశం బాగా కనబడే చోట కూడా ఫోన్ నాలుగైదు మీటర్ల తేడా చూపిస్తుంది, డబ్బా దాచినవాడి ఫోన్ కూడా అంతే. కదలకుండా నిలబడితే బాణం పిచ్చిపట్టినట్టు ఊగుతుంది. నాలుగడుగులు వెనక్కొచ్చి వేరే పక్కనుంచి నడిచి చూడు, రెండు దారులూ ఎక్కడ కలుస్తున్నాయో అక్కడ ఫోన్ జేబులో పెట్టెయ్. ఇక కళ్ళ పని. దేవుడు పెట్టినట్టు కాక మనిషి పెట్టినట్టుండేది ఏదో చూడు. ఒకే పొడవున పక్కపక్కన పడున్న పుల్లలు, చెట్టు మొదట్లో ఒద్దికగా పేర్చిన రాళ్ళు అలాంటివే. పిల్లలకి ఇది మనకంటే బాగా వస్తుంది, వాళ్ళ కళ్ళు నేలకి దగ్గర. చీకటి సందుల్లోకి మాత్రం ముందు కర్ర, తర్వాతే చెయ్యి. పాములూ కందిరీగలూ ఈ ఆట ఆడవు.

రోడ్డు పక్క దొరికేవి ఎక్కువగా బుల్లివే. నానో అన్నది చిటికెన వేలి గోరంత ఉంటుంది, అయస్కాంతంతో ఏ ఇనప కడ్డీ వెనకో అంటుకుని, బోల్టేమో అనిపిస్తుంది. మూత విప్పేముందు కింద రుమాలు పరుచుకో, కంకరలో పడితే దొరకదు. లోపల వేలెడు వెడల్పు కూడా లేని కాగితం బిగించి చుట్టి ఉంటుంది. దాన్ని గోళ్ళతో లాగితే చిరుగుతుంది, శ్రావణంతో కొస పట్టుకుని మెల్లగా తియ్యాలి. రాశాక మళ్ళీ పట్టాలంటే మొదట్లో ఉన్నంత బిగుతుగా చుట్టాలి, దానికే రెండు నిమిషాలు పడుతుంది. కాగితం చెమ్మగా ఉంటే పెన్ను రాయదు, పెన్సిల్ ఉంచుకో.

చుట్టుపక్కల వాళ్ళు చూస్తుంటే దొంగచూపులు చూడకండి, అప్పుడే అనుమానం వచ్చేది. ఎవరైనా అడిగితే ఉన్నమాట చెప్పెయ్.

పదిహేను నిమిషాలు చూడు. దొరకలేదా, దొరకలేదని యాప్‌లో నిజాయతీగా రాసి బండెక్కు. అందులో నామోషీ ఏం లేదు, డబ్బా పెట్టినవాడికి ఆ మాటే పనికొస్తుంది. క్లూ చూడ్డం కూడా తప్పు కాదు. ఇంగ్లీషులో ఒక్కో అక్షరాన్నీ పదమూడు స్థానాలు జరిపి రాస్తారు, ఏ బదులు ఎన్, బీ బదులు ఓ. నొక్కితే యాప్ విప్పేస్తుంది గానీ, పెద్దదానికి కాగితం ఇచ్చి విప్పమను, తర్వాతి స్టాప్ దాకా గొడవ ఉండదు.

పెద్ద డబ్బాల్లో చిన్నచిన్న బొమ్మలుంటాయి. ఒకటి తీస్తే దానికి తగ్గట్టు ఇంకోటి పెట్టాలని పిల్లలకి ముందే చెప్పు. తినేవి మాత్రం వద్దు, వాసనకి జంతువులు డబ్బాని కొరికేస్తాయి. నంబరు చెక్కిన బిళ్ళ ఉన్నది కనిపిస్తే అది బొమ్మ కాదు, ప్రయాణికుడు. ట్రావెల్ బగ్ అంటారు. తీసుకెళ్ళి మరో డబ్బాలో వేసి, నంబరు యాప్‌లో కొట్టాలి. నేనోసారి అలాంటిది సొరుగులో పడేసి రెండేళ్ళు మర్చిపోయాను. దాని యజమాని మర్యాదగానే అడుగుతూ మెసేజ్ పెట్టారు, నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. మీరు నాలుగు రోజులు తిరుగుతున్నారు కదా, ఒకటి దొరికితే దూరం చేర్చండి.

డబ్బా అసలే లేని రకం ఒకటుంది, ఎర్త్‌క్యాష్. కొండరాళ్ళ పొరలనో, జలపాతాన్నో చూసి, రంగేంటి, ఎన్ని పొరలు, ఎందుకలా అయింది అన్న ప్రశ్నలకి జవాబులు పంపాలి. ఎలాగూ ఫొటోలకి ఆగే చోటే కాబట్టి మీ ఆయన కూడా గొణగడు.

కొరియర్లో ఒక సంచీ పంపుతున్నా. రెండు పెన్సిళ్ళు, పాత తోలు గ్లవ్స్, చిన్న టార్చి, తడిసిన లాగ్ మార్చడానికి కాగితాలు, చుట్టుపక్కల చెత్త ఏరుకొచ్చేందుకు నాలుగు కవర్లు ఉన్నాయి. శ్రావణం మీ పెదనాన్నది. ముళ్ళు తీసుకోడానికి ఆయనకి మళ్ళీ కావాలి, పారేసుకోకుండా తిరిగి తెచ్చివ్వు.

మీ పెద్దమ్మ